తప్పంతా దుప్పటిదే!

దుప్పట్ల ప్యాకెట్ల మీద ఉండే ఆ నోరు తిరగని మాటల్ని తిట్టేవాళ్లకు సంసారం చేయడం చేతకాదు! భార్య ముఖం ముడుచుకున్నప్పుడు మొగుడనేవాడు తప్పు ఎవరి మీదికి నెట్టాలి? తన మీదికా? ఛ! గుడ్డ మీదికి నెట్టాలి. ఆ మాటలు పుట్టిందే అందుకు.

నమ్మకపోతే డ్రైవింగ్ స్కూలు మాస్టారి సంగతి వినండి.

ఆయన భార్య ఉన్నట్టుండి దిండు చంకన పెట్టుకుని హాల్లో సోఫాకు మకాం మార్చేసింది. పొద్దున్నే టీ కప్పు ఆయన ముందు టక్కున పెట్టి, "ఇక ఆ మంచమ్మీద పడుకోవడం నా వల్ల కాదు" అంది.

ఇంకొకరైతే "ఎందుకు?" అని అడిగేవారు. మాస్టారు అడగలేదు. ఏళ్ల తరబడి పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ల తప్పులు చెప్పే మనిషికి అడిగే అలవాటెక్కడిది? దుప్పటి గరుకని తీర్పు చెప్పేసి, దుప్పట్ల మీద చదువు మొదలుపెట్టారు.

అబ్బో, ఏం చదువు! సిగ్నల్ దగ్గర కారు ఆగితే చాలు, స్టీరింగ్ పట్టుకుని వణికిపోతున్న శిష్యురాలికి పాఠమే.

"చూడమ్మా, పర్కేల్ అంటే పోగు మీదా పోగు కిందా నేసేది. చల్లగా, ఇస్త్రీ చొక్కాలా పెళపెళలాడుతుంది. సటీన్ అయితే నున్నగా మెరుస్తుంది, కాస్త వెచ్చన. మైక్రోఫైబర్ అనగానే మురిసిపోకు, అది పాలిస్టరే!"

"గ్రీన్ పడింది సార్!"

"పడనీ. డూవే వేరు, డూవే కవరు వేరు. ఒకటి బొంత, రెండోది బొంతకు గలీబు."

వెనక హారన్లు మిన్నుముట్టాయి. విజ్ఞానమంటే అంతే మరి, ఎక్కడివాళ్లనక్కడ ఆపేస్తుంది!

ఆ సాయంత్రమే మాస్టారు షాపు మీద పడ్డారు. సేల్స్ గర్ల్ ఒక ప్యాకెట్ విప్పి, "ఈజిప్షియన్ కాటన్ ఫీల్ సార్" అంది.

"ఇందులో కాటన్ ఎంత?"

"కాటన్ లేదు సార్. ఫీల్ ఉంది."

మాస్టారు మీసం దువ్వారు. "ఇదిగో, దీని మీద త్రెడ్ కౌంటు, అంటే అంగుళానికి పోగులు, వెయ్యి అని వేశారు. సన్న పోగుల్ని మెలేసి, ఒక్కోదాన్నీ విడిగా లెక్కేసుంటారు. నా దగ్గరా?"

ఆ అమ్మాయి నవ్వేసింది. "ఇంతకీ మేడమ్‌కి చల్లగా ఉంటే ఇష్టమా సార్, వెచ్చగా ఉంటేనా?"

మాస్టారి ఇంజిన్ అక్కడే ఆగిపోయింది. సిలబస్‌లో లేని ప్రశ్న! ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఎప్పుడైనా చెప్పిందా? చెప్పే ఉంటుంది. అప్పుడీయన ఇంకేదో చెబుతూ ఉండుంటారు.

"అన్నిట్లోకీ మంచిది ఇవ్వు" అని గొణిగి, పరుపు మందానికి సరిపోయే పర్కేల్ ఫిట్టెడ్ షీటూ, మంచానికి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వచ్చే బ్రహ్మాండమైన బొంతా మోసుకొచ్చారు. ముడత లేకుండా పరిచి, భార్యను పిలిచారు.

"ముట్టుకుని చూడు! అచ్చంగా పత్తి!"

ఆవిడ ముట్టుకుంది. "బాగుంది."

"మరి దిండు తెచ్చుకో."

"ఎందుకు?"

"ఎందుకేమిటి! పాతది గుచ్చుకుంటోందనేగా వెళ్లిపోయావు?"

"అని ఎవరు చెప్పారు మీకు? ఏ గుడ్డైనా నా మీదుంటే కదండీ గుచ్చుకోవడానికి! కప్పుకునే దుప్పటంతా నిద్రలో మీరే లాక్కుని చాపచుట్టలా చుట్టుకుంటారు. నేను చలికి ముడుచుకుని ఓ మూల. చెబితే వినరు, అడిగితే పాఠం చెబుతారు."

మాస్టారి కుడికాలు అలవాటుగా, లేని బ్రేకును గట్టిగా తొక్కింది. మంచం అంచున కూలబడ్డారు. ఆయన గొంతులోంచి ఆ ఇంట్లో ఎన్నడూ వినపడని ధ్వని ఒకటి వచ్చింది. ప్రశ్న!

"నీకు... వెచ్చగా ఉంటే ఇష్టమా, చల్లగానా?"

"వెచ్చగానే. పెళ్లైనప్పట్నుంచీ!"

మర్నాడు ఆ బ్రహ్మాండమైన బొంతను నెత్తిన పెట్టుకుని మాస్టారు మళ్లీ షాపులో దిగారు. సేల్స్ గర్ల్‌కు గుండె జారిపోయింది.

"ఇది మార్చి వేరేవి ఇవ్వమ్మా."

"కౌంటు ఎంతలో చూపించమంటారు సార్?"

"రెండు."

"రెండు వందలా సార్?"

"రెండేనమ్మా. ఆవిడకొకటి, నాకొకటి. ఆవిడది వెచ్చగా ఉండాలి."