జర్మనీ ముక్కలకు అమీర్‌పేట మెరుగు

ఆ రోజు విజయేందర్ వేసుకున్న పథకంలో ఎక్కడా వంక లేదు. తొమ్మిదింటికి ల్యాబు తెరవాలి. జర్మనీ నుంచి వచ్చిన మూడు ఉక్కు ముక్కల గరుకుదనం కొలవాలి. రెండింటికల్లా అంకెలు పంపి, మూడింటికి కోటు వేసుకుని వీడియో కాల్‌లో కూర్చోవాలి. అమీర్‌పేటలోని ఆ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొడక్షన్ విభాగం అతనిది. పదకొండేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే మిగిలిపోయాడు. ఒక్క విదేశీ పరిశోధనలో పేరు కనబడితే చాలు, ప్రమోషన్ ఫైలు మీద సంతకం పెడతానని ప్రిన్సిపాల్ వసుమతి మాటిచ్చింది.

పరిశోధన చిన్నదే. జర్మనీవాళ్లు లెక్క ప్రకారం గరుకుగా తయారుచేసిన ముక్కలను ఐదు దేశాల ల్యాబులు వంతులవారీగా కొలిచాయి. ఆరో వంతు హైదరాబాద్‌ది. ఎవరి కొలతకు ఎంత తేడా వస్తుందో చూడటమే అసలు పని. ముక్కలను వేలితో కూడా తాకకూడదని పద్నాలుగు పేజీల పుస్తకం రాసి మరీ పంపారు. ఆ పుస్తకం విజయేందర్ సంచిలోనే ఉండిపోయింది. ల్యాబు మెకానిక్ దిలావర్‌తో మాత్రం, ఐదు దేశాలు తిరిగిన ఫారిన్ ముక్కలు వచ్చాయి, మంచిగా చూసుకోమని ముందురోజు ఒక్క మాట చెప్పి ఇంటికి వెళ్లాడు.

ఇరవై ఏడేళ్లుగా మిషన్ల మధ్య బతికిన దిలావర్ మంచిగానే చూసుకున్నాడు. తెల్లారి ఏడింటికే వచ్చి పనిలోకి దిగాడు. విజయేందర్ వచ్చి పెట్టె తెరిచేసరికి మూడు ముక్కల్లోనూ తన మొహమే కనబడింది.

"ఇదేంది భాయ్?"

"మస్తు గరుకుగ ఉండె సార్. ఐదు దేశాలు తిరిగినయంట, ఒక్కడు సుత సాఫ్ చెయ్యలే. గట్లనే వాపస్ పంపితే మన ఇజ్జత్ ఏం గావాలె? పాలిష్ కొట్టిన."

విజయేందర్ తిడదామని నోరు తెరిచాడు గానీ, పుస్తకం సంచిలోంచి తననే చూస్తోంది. అంతలో వసుమతి ఫోన్ చేసి, కాలేజీ ఛైర్మన్ రాజనర్సయ్య ఈ పరిశోధన గురించి పంజాగుట్ట చౌరస్తాలో అప్పుడే ఫ్లెక్సీ కట్టించేశారనీ, మూడింటికి ఇద్దరు విలేకరులతో వస్తున్నారనీ చెప్పి, కొలతలు అయ్యాయా అని అడిగింది. అయిపోవచ్చాయన్నాడు విజయేందర్.

ఫోన్ పెట్టేసి తలుపు గడియ వేసి, ఒక ముక్కను గరుకు కాగితంతో తానే రుద్దడం మొదలుపెట్టాడు. ప్రొడక్షన్ ఇంజినీరింగ్‌లో డాక్టరేటు ఉన్న మనిషి పావుగంట రుద్దాక ఆ ముక్క ఇటు నునుపూ కాలేదు, అటు గరుకూ కాలేదు. దిలావర్ చూడలేకపోయాడు.

"అది గరుకు గాదు సార్, పిల్లి గీకినట్టున్నది. డ్రాయింగ్ ఏమన్న ఉంటే చూపియ్యుండ్రి."

పుస్తకం సంచిలోంచి బయటికి వచ్చింది అప్పుడే. దిలావర్ అందులోని డ్రాయింగ్ ఒకసారి చూసి, తుక్కులోంచి అదే రకం ఉక్కు ఏరి, మిషనెక్కించాడు. మధ్యమధ్యలో బొటనవేలి గోరుతో తడిమి తల ఊపుకున్నాడు. పన్నెండున్నరకు మూడు కొత్త ముక్కలు తయారయ్యాయి. విజయేందర్ కొలిచి చూస్తే అంకెలు డ్రాయింగ్‌లో ఉన్నవే. సిగ్గుతో చచ్చిపోతూనే వాటిని జర్మనీవాళ్ల ఫారంలో నింపాడు. చివర, ముక్కలను ఏ వ్యవస్థలో భద్రపరిచారన్న గడి మిగిలింది. ఇన్ని అబద్ధాల్లో ఒక్కటైనా నిజం ఉండాలనిపించి, అందులో 'దిలావర్' అని రాసి పంపించాడు.

మూడింటికి తెర మీద జర్మనీ ప్రొఫెసర్ ఇంగ్రిడ్ ప్రత్యక్షమైంది. ముక్కలు దేశదేశాలు తిరిగి అరిగిపోయాయని, ఒక్కో ల్యాబులో అంకె కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చిందని చెప్పింది. హైదరాబాద్ అంకెలు మాత్రం మొదటి రోజు అంకెలేనట. ఈ దిలావర్ వ్యవస్థ ధర ఎంత, తమకొకటి అమ్ముతారా అని అడిగింది.

వసుమతితో, విలేకరులతో వచ్చి పక్కనే కూర్చున్న ఛైర్మన్ విజయేందర్ చెవిలో, "మన దగ్గర ఎన్ని ఉన్నయ్? జర ఎక్కువనే చెప్పు," అన్నాడు.

విజయేందర్ తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటున్న దిలావర్ వైపు చూశాడు. ఇక నోరు ఆగలేదు. పాలిష్ దగ్గర్నుంచి తుక్కు దాకా అంతా ఇంగ్లీషులో పూస గుచ్చినట్టు చెప్పేశాడు. విలేకరులు రాసుకున్నారు. వసుమతి కళ్లు మూసుకుంది.

ఇంగ్రిడ్ తన దగ్గరున్న అంకెలు మరోసారి చూసుకుంది. తర్వాత మెల్లగా, అలాంటి మూడు ముక్కలు ఒకేలా రావడానికి తమకు ఆరు నెలలు పట్టిందని చెప్పి, ఆ మనిషిని కెమెరా ముందుకు రమ్మంది.

మూడేళ్ల పరిశోధన ఒప్పందం నెల తిరక్కుండానే కుదిరింది. ప్రధాన నిపుణుడు దిలావర్. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి అనువాదకుడు విజయేందర్. మాటిచ్చిన ప్రకారం వసుమతి ఒప్పందంలో అతని పేరు వెతికింది, చూసింది, సంతోషించింది.

ప్రమోషన్ ఫైలు ప్రస్తుతం ఇంగ్లీషు విభాగం పరిశీలనలో ఉంది.