కప్పు నిండా చీజ్

"బిడ్డల తిండిని గ్రాముల్లో తూచడమా? ఛీ, ఎంత పిసినారితనం! రేపట్నుంచి ప్రతి బిడ్డకూ కప్పు నిండా చీజ్ తురుము!" అని ఆహార మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు పావుగంట ఆగలేదు. అందరికంటే గట్టిగా కొట్టింది బడి వంటక్క. నూట ఇరవైమంది పిల్లలకు రొట్టె మీద తలా ఎనభై గ్రాములు వేసే మనిషి మరి. కప్పంటే వంద గ్రాములైనా ఉంటుందని ఆవిడ సంబరం.

మర్నాడే కొలతల ఆఫీసరు దిగాడు. ముందుగా వంటింట్లోని తక్కెడను బయట పెట్టించాడు.

"కిలోకి ఎన్ని కప్పులమ్మా?"

"వదులుగా పోస్తే పది సార్. అదిమితే ఎనిమిది."

"పసిబిడ్డల తిండిని అదిమే హక్కు మనకెవరిచ్చారు?" అని ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పది అని రాసుకున్నాడు. పన్నెండు కిలోలు వచ్చాయి. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు. ఆ వారం వంటక్క కళ్లకు మంత్రిగారు దేవుడే.

రెండోవారం సన్నకన్నాల తురుముపీట వచ్చింది. దానిమీద తురిమితే కిలోకి పదహారు కప్పులు! అందుకని ఏడున్నర కిలోలే పంపారు. ఒక్క ఆవునైనా కొనకుండా చీజ్ ఉత్పత్తి అరవై శాతం పెంచిన ఘనత మాదేనని మంత్రిగారు సెలవిచ్చారు. నిజమే, ఆవులకు కూడా ఈ సంగతి తెలియదు.

మూడోవారం శిక్షణా తరగతి పెట్టారు. తురుమును ఫోర్కుతో ఎత్తి, మూరెడు పైనుంచి కప్పులోకి రాల్చాలి. ఊపిరి గట్టిగా వదలకూడదు. కిలోకి ఇరవైనాలుగు కప్పులు తేలాయి. ఇక ఐదు కిలోలు చాలన్నారు.

"అక్కా, కప్పు నిండానే ఉంది. నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదేంటి?" అని అడిగింది రెండో తరగతి పిల్ల. ఇంటిదగ్గర పొద్దున పొయ్యి వెలగని పిల్ల అది. వంటక్క అటూ ఇటూ చూసి, ఆ కప్పులోని తురుమును బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, పైన మరో గుప్పెడు వేసింది.

ఆఫీసరు కంటబడనే పడింది. "బొటనవేలితో జాతీయ ఉత్పత్తిని తగ్గించినందుకు" మెమో ఇచ్చాడు. ఇంకొక్కసారి నొక్కితే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

పథకం విజయాన్ని కళ్లారా చూద్దామని మంత్రిగారు బడికి విచ్చేశారు. వెంట ఫొటోగ్రాఫర్లు. బల్లల మీద సరిగ్గా నూట ఇరవై కప్పులు. మంత్రిగారు పిల్లల మధ్య కూర్చుని, రెండో తరగతి పిల్ల ముందున్న కప్పు అందుకుని ఒక్క చెంచాతో ఖాళీ చేశారు.

"అద్భుతం! ఇంకోటి ఇలా ఇవ్వు."

ఆఫీసరు పక్క పిల్లాడి కప్పు అందించాడు. తర్వాత ఆ పక్కది. ఆరో కప్పు దగ్గర మంత్రిగారు బెల్టు సర్దుకున్నారు.

"ఏంటయ్యా, ఎంత తిన్నా ఆకలి తీరట్లేదు?"

"రుచి అలాంటిది సార్."

పదో కప్పుతో లేచారు. కారెక్కుతూ, "ఈ బిడ్డలు అదృష్టవంతులయ్యా!" అన్నారు. అందరూ చేతులు జోడించారు.

కారు మలుపు తిరగ్గానే వంటక్క ఉండబట్టలేకపోయింది. "సార్, పదిమందికి తిండి లేకుండా పోయింది. ఇంకో అరకిలో ఇప్పించండి."

"కప్పులు నూట ఇరవై. ఖర్చయినవి నూట ఇరవై. ఇంకెక్కడిదమ్మా?" ఆఫీసరు హాజరుపట్టీ తెప్పించి, పది పేర్ల ఎదుట గైర్హాజరని రాసి, పెన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇక్కడ సంతకం చెయ్యి."

"ఎదురుగా కూర్చున్నారు కదండీ!"

"మెమో సంగతి గుర్తుందిగా?"

వంటక్క సంతకం చేసింది.

రెండో తరగతి పిల్ల ఖాళీ కప్పు పట్టుకుని లేచి నిలబడింది. "నేను వచ్చానండీ."

"నువ్వు రాలేదమ్మా," అన్నాడు ఆఫీసరు ఎంతో ప్రేమగా. "కూర్చో."