సార్జెంటు చొక్కా చేతులు

సార్జెంటు పదోన్నతి పోగొట్టింది అతని బావమరిదే. ఇందులో రెండో మాట లేదు.

సోమవారం ఉదయం బూట్లకు పాలిష్ పెట్టుకుని, శుక్రవారం జరిగే పదోన్నతి ఇంటర్వ్యూ వేళ కనుక్కుందామని సార్జెంటు ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా కొత్త ఉత్తర్వు చేతిలో పెట్టాడు. యూనిఫారంలో పచ్చబొట్టు కనబడితే పదోన్నతి లేదు.

సార్జెంటుకు మోచేతికి కాస్త కింద భార్య పేరుంది. పెళ్లైన కొత్తలో ఆవిడే కాగితం మీద రాసిచ్చి, పొడిచేవాడి పక్కన నిలబడి మరీ అక్షరాలు దిద్దించింది. ఆవిడ పోయి మూడేళ్లు.

"ఆసుపత్రిలో చెరిపేస్తారండీ. రెండు మూడు సార్లు వెళ్తే చాలు," అన్నాడు గుమాస్తా.

"నీ పని నువ్వు చూసుకో."

సార్జెంటు నేరుగా దర్జీ గదికి నడిచాడు. పటాలానికి బట్టలు కుట్టేది భార్య తమ్ముడే.

"ఈ పొట్టి చేతులు నాలుగంగుళాలు పెంచు. ఎందుకో ఎవడికీ చెప్పకు."

"అక్క పేరు దాచేస్తున్నావా బావా?"

"కాపాడుతున్నాను. కుట్టు."

మంగళవారం పరేడ్‌కు సార్జెంటు ఆ చొక్కాతో వచ్చాడు. అవి పొట్టి చేతులూ కాదు, పొడుగు చేతులూ కాదు. వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

"కొత్త ఆర్డరొచ్చినట్టుందిరా!"

"అడక్కపోయావా?"

"మొన్న బొత్తాం వదులైందని మైదానం చుట్టూ ఆరుసార్లు పరిగెత్తించాడు. కావాలంటే నువ్వడుగు."

ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి పది మంది దర్జీ దగ్గరికి వెళ్లారు. సాయంత్రానికి నలభై మంది. ఎందుకని ఎంత గుచ్చి అడిగినా దర్జీ నోరు విప్పలేదు. దాంతో అది రహస్య ఉత్తర్వని ఖాయమైపోయింది. బుధవారం బ్యాండువాళ్లూ వంటవాళ్లూ వరస కట్టారు. సార్జెంటు చూశాడు. ఆపితే కారణం చెప్పాలి. పళ్లు బిగించి ఊరుకున్నాడు. గురువారం కెప్టెన్, తనకొక్కడికే సర్క్యులర్ అందలేదని కంగారుపడి, చొక్కాను దొడ్డిదారిన పంపాడు. గుడ్డ అయిపోతే దర్జీ స్టోరులో ఉన్న పూల పూల కిటికీ తెరలు కత్తిరించి చేతులకు అతికాడు.

శుక్రవారం కల్నల్ పరేడ్‌కు వచ్చి, మొదటి వరస ముందే ఆగిపోయాడు.

"ఎవరిదీ తెలివి?"

కెప్టెన్ సార్జెంటు వైపు చూశాడు. నూట ఇరవై మందీ అటే చూశారు. సార్జెంటు ముందుకొచ్చి, చొక్కా చేయి పైకి లాగాడు.

"నా భార్య పేరు సార్. ఉద్యోగం పోయినా చెరిపించను."

"చెరపమన్నదెవరయ్యా? ఆ ఉత్తర్వు ఇకమీదట పొడిపించుకునేవాళ్లకి. నీది ఇరవయ్యేళ్లుగా ఫైల్లో ఉంది. ఇంటర్వ్యూ పేరుకే, సంతకం పొద్దున్నే పెట్టేశాను."

కల్నల్ మరోసారి ఆ పూల చేతుల వంక చూశాడు. సంతకం పెట్టిన ఆ పదోన్నతి కాగితం తెప్పించి నాలుగు ముక్కలు చేశాడు.

"ఇది చొక్కాలకి."

మధ్యాహ్నం బావమరిది భయపడుతూనే వచ్చాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నావుగా బావా. చచ్చినా చెప్పలేదు."

"ఈ జన్మలో ఈ సంగతి నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను," అన్నాడు సార్జెంటు.

ఎత్తలేదు. బావమరిదితో వేరే సంగతులూ ఎత్తలేదు.