కూర్చుని నడిచిన దర్జీ

ఆ రోజు పొద్దున్న దర్జీగారు అనుకున్నది చాలా చిన్న పని. వీధి చివరిదాకా నడిచి రావడం, వచ్చి కుట్టు మిషను ముందు కూర్చోవడం. ఆరోగ్య బీమా ప్రీమియం ఈ ఏడు ఒకటికి ఒకటిన్నర అయింది. రోజుకు పదివేల అడుగులు నడిచేవాళ్లకు మాత్రం పాత ప్రీమియమే తీసుకుంటామని కంపెనీ ఉత్తరం రాసింది. అడుగులు ఫోను లెక్కపెడుతుందట. మూడు నెలల్లో భార్యకు మోకాలి ఆపరేషను. బీమా లేకపోతే ఆపరేషనూ లేదు.

వీధి చివరిదాకా వెళ్లి, ఆయాసపడుతూ తిరిగొచ్చి ఫోను చూసుకున్నారు. నాలుగు వందల పన్నెండు.

"పదివేలకి ఇంకా ఏం కావాలి?" అంది భార్య, కాజాలు కుడుతూ.

"ఇంకో ప్రాణం కావాలే."

వంగినప్పుడల్లా జేబులోంచి జారిపడుతోందని ఫోనును మేజోడులో దోపుకుని, మిషను తొక్కడం మొదలుపెట్టారు. బడి యూనిఫారాలు కుట్టే రోజులవి, తల ఎత్తడానికి తీరిక లేదు. సాయంత్రం మేజోడు విప్పి చూస్తే ముప్ఫై ఎనిమిది వేల అడుగులు!

"ఇది మోసం కాదుటండీ?"

"కాలు నాదేగా? కదిలింది నిజమేగా? ఎక్కడికి కదిలిందని వాళ్లు అడగలేదుగా?"

రెండు నెలలు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కంపెనీ ఆఫీసరే దుకాణానికి వచ్చి, అందరికంటే ఎక్కువ నడిచింది ఈయనేనని దండ వేసి, ఫోటో తీశాడు. వెళ్తూ వెళ్తూ, పోయిన ఏడు ఈ దుకాణంలోనే కుట్టించుకున్న తన ప్యాంట్లు రెండు నడుము దగ్గర వదులు చేయమని ఇచ్చి వెళ్లాడు. వారం తిరిగేసరికి బస్టాపులో నిలువెత్తు దర్జీగారు వెలిశారు. కింద పెద్ద అక్షరాలు: "ఈయన నడిచారు. మీకేమైంది?"

ఎదురింటి మాస్టారు ప్రీమియం పెంపు రద్దు చేయాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేస్తున్నారు. అందులో మొదటి సంతకం దర్జీగారిదే. ఆ అర్జీకి కంపెనీ ఇచ్చిన జవాబు ఒకటే: "ప్రీమియం ఎక్కువ కాదు, మీకు బద్ధకం ఎక్కువ. మీ వీధి దర్జీని చూసి నేర్చుకోండి."

మాస్టారు దుకాణంలోకి వచ్చి, కుట్టడానికిచ్చిన చొక్కా గుడ్డ తీసుకుని చంకలో పెట్టుకున్నారు.

"వెన్నుపోటు సూదితో కూడా పొడవొచ్చని ఇవాళే తెలిసిందోయ్. ఇక నా చొక్కాలు పక్కవీధిలోనే."

ఇరవై ఏళ్ల స్నేహం గడప దాటి వెళ్లిపోయింది. ఆ బాధలో ఉండగానే ఇంకో ఉత్తరం. ఆరోగ్య బీమా సంస్కరణల మీద సర్కారు వారు సభ పెట్టారు. కంపెనీ తరఫున దర్జీగారు సాక్ష్యం చెప్పాలి. రాకపోతే తగ్గింపు రద్దు.

"వెళ్తే పరువు పోతుంది, వెళ్లకపోతే బీమా పోతుంది," అంది భార్య. "మోకాలు నాది, పరువు మీది. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

"మోకాలే," అన్నారాయన, దారం తెంపినంత తేలిగ్గా.

సభ మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఆరో మెట్టు మీద దర్జీగారు ఆగిపోయి, గోడ పట్టుకుని ఆయాసపడ్డారు. వెనక కుంటుకుంటూ వస్తున్న భార్య ఆయన్ని దాటి, చెయ్యి పట్టుకుని పైకి లాగింది. హాలంతా తలలు తిప్పి చూసింది.

"రోజుకు ఇంతింత దూరం ఎటు నడుస్తారండీ?" అని అడిగారు అధ్యక్షురాలు.

దర్జీగారు భార్య వైపు చూశారు. అర్జీ పట్టుకుని ముందు వరసలో కూర్చున్న మాస్టారి వైపు చూశారు. మాస్టారి కొత్త చొక్కాకు ఒక చెయ్యి పొట్టిగా ఉంది. అది చూశాక ఆయన మనసు ఇక నిలవలేదు.

"ఎటూ నడవనమ్మా. మిషను తొక్కుతాను. ఫోను మేజోడులో ఉంటుంది."

ఆఫీసరు ఎగిరి లేచాడు. "ఇది ఈయన ఒక్కడి మోసం! మిగతావాళ్లంతా నిజాయితీగా నడుస్తున్నారు. అంతెందుకు, రోజూ పదివేలు నేనే నడుస్తున్నాను!"

దర్జీగారు అలవాటుగా మెడలోని టేపు సర్దుకున్నారు.

"కోప్పడకు బాబూ. పోయిన ఏడు నీ నడుము ముప్ఫై నాలుగు. మొన్న వదులు చేస్తే ముప్ఫై తొమ్మిది. రోజూ పదివేలు నడిచే నడుము ఇటు రావాలిగానీ, అటు పోయిందేమిటి?"

హాలు గొల్లుమంది. ఆఫీసరు చెయ్యి దానంతటదే బెల్టు మీదికి వెళ్లింది.

"మీ ఫోను ఎక్కడ పెడతారు?" అన్నారు అధ్యక్షురాలు, నవ్వు ఆపుకుంటూ.

ఆఫీసరు బెల్టు మీంచి చెయ్యి తీయకుండానే గొణిగాడు. "బట్టలుతికే మిషను మీదండి."

అడుగుల లెక్కంతా తేలేదాకా అందరికీ పాత ప్రీమియమేనని అధ్యక్షురాలు అక్కడికక్కడే చెప్పేశారు. మెట్లు దిగుతూ మాస్టారు పొట్టి చెయ్యి దర్జీగారి ముందు చాపారు.

"దీన్ని ఏమైనా చెయ్యగలవా?"

"రెండో చెయ్యి కూడా పొట్టి చేస్తాను మాస్టారూ, సరిపోతుంది."

ఆపరేషను బాగా జరిగింది. మోకాలు సాగాలంటే రోజూ కాసేపు మిషను తొక్కమన్నాడు డాక్టరు. దాంతో మిషను ముందు ఆవిడ కూర్చుంది, కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చి వచ్చే పని దర్జీగారి మీద పడింది. మొదట్లో రొప్పినా, నెల తిరిగేసరికి నడక అలవాటైంది. ఒకరోజు సరదాకి ఫోను జేబులో వేసుకుని వెళ్లి, వచ్చి చూసుకుంటే పదివేల ఆరు.

అడుగుల పథకం ఎత్తేసినట్టు కంపెనీ ఉత్తరం ఆ రోజే వచ్చింది.