నాయకుడి వెనక పరుగు

మా పేట యువత దారి తప్పడానికి అసలు కారణం వాళ్ళ ముందు ఎవరూ పరిగెత్తకపోవడమేనని ఫౌండర్ గారు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. సోమవారం నుంచి తానే పరిగెత్తుతానన్నారు. విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు.

ఫౌండర్ గారంటే మా పేటలో తెలియనివాళ్ళు లేరు. ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు, మనిషి ఇంటికొచ్చి మాసిన బట్టలు పట్టుకెళ్ళి, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిస్తాడు. ఆ కంపెనీ ఆయనదే. ఒక్కోసారి మన బట్టలకు బదులు పక్కింటివాళ్ళవి వస్తాయి. ఇరుగుపొరుగు మధ్య రాకపోకలు పెంచడం కూడా కంపెనీ లక్ష్యమేనని ఆయన ఒక సభలో వివరించాక ఫిర్యాదులు ఆగిపోయాయి. ముప్పై నిండకుండానే అంత ముందుచూపు.

నాది టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే కొట్టు. ఫౌండర్ గారు స్వయంగా వచ్చి, తన వెనక పరిగెత్తబోయే పేట పిల్లల టీషర్టులకు ఆర్డరిచ్చారు.

"ముందువైపు కంపెనీ పేరు. వీపు మీద నా ఫోటో."

"వీపు మీద ఎందుకు సార్?"

"పరిగెత్తేవాడికి ఎప్పుడూ కనపడేది ముందువాడి వీపే కదా. అక్కడ నేనుండాలి."

వీపుల గురించి నేనెప్పుడూ అంత లోతుగా ఆలోచించలేదు. ఆ సాయంత్రమే మా మేనకోడలి పేరు కూడా ఇచ్చేశాను.

అది తొమ్మిదో తరగతి. నడవడం దానికి పెద్దగా అలవాటు లేదు. పాలప్యాకెట్టు తెమ్మని పంపితే మా చెల్లెలు గిన్నె కడిగేలోపు గుమ్మంలో ఉంటుంది. సర్కారువారి స్పోర్ట్స్ స్కూల్లో సీటొస్తే చదువూ తిండీ శిక్షణా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఫౌండర్ గారి కార్యక్రమం చివర్లో పరుగుపందెం ఉంటుందనీ, దానికి ఆ స్కూలు కోచ్ వస్తారనీ విని మా చెల్లెలు ఎన్నాళ్ళకో దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

సోమవారం పొద్దున్నే ఫౌండర్ గారు కొత్త బూట్లతో మైదానానికి వచ్చారు. పిల్లలకు నాయకత్వం గురించి ఒక గంట చెప్పి, ఈల ఊదించుకుని, బయలుదేరారు. మొదటి మలుపు తిరగకముందే మా మేనకోడలు ఆయన్ని దాటేసింది. దానికి వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఈల వినపడింది, పరిగెత్తింది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ముందు మా పిల్ల, చాలా వెనక నోరు తెరుచుకుని ఫౌండర్ గారు. కింద 'యువతకు స్ఫూర్తి' అని వేశారు. ఎవరు ఎవరికో రాయలేదు.

ఫౌండర్ గారు మమ్మల్ని ఆఫీసుకు పిలిపించారు. ఎవరినీ కసురుకునే మనిషి కాదాయన. పిల్లకి బిస్కెట్లు పెట్టించారు.

"నీలో టాలెంట్ ఉందమ్మా. అదొక్కటే నీ ప్రాబ్లమ్."

"ఆపుకోలేకపోయాను సార్," అంది అది తల వంచుకుని.

"ఫోటో చూసినవాళ్ళు నువ్వే ఫౌండర్ అనుకుంటున్నారు. మా అమ్మ కూడా అడిగింది, ఆ పిల్లెవర్రా, చక్కగా పరిగెడుతోంది అని. నా గురించి ఒక్క ముక్క అడగలేదు."

ఆయన గొంతులో నిజంగానే బాధ వినిపించింది. నాకు కూడా గిల్టీగా అనిపించి ఒక బిస్కెట్ తీసుకున్నాను.

పిల్లల వేగాన్ని నాయకుడి వేగంతో అలైన్ చేసే బాధ్యత డ్రిల్లు మాస్టారికి అప్పజెప్పారు. ఆయన సిన్సియర్ మనిషి. "మోకాళ్ళు ఛాతీ దాకా లేవాలి. కానీ ముందుకు మాత్రం పోకూడదు," అని రోజూ పొద్దున్నే అరిచేవారు. ఫౌండర్ గారు ఫోన్‌లో మాట్లాడుకుంటూ పరిగెత్తేవారు కాబట్టి వారం వారం వేగం తగ్గుతూ వచ్చింది. వెనక పిల్లలందరూ మోకాళ్ళు ఎగరేస్తూ, ఉన్నచోటే ఉండటానికి నానా యాతన పడేవారు. చూడ్డానికి ఎంతో క్రమశిక్షణగా ఉండేది.

"మామయ్యా, మెల్లగా పరిగెడుతుంటే కాళ్ళు పీకుతున్నాయి," అంది మేనకోడలు ఓ రాత్రి కాళ్ళు చాపుకుని.

మా చెల్లెలు నూనె రాస్తూ నా వైపు చూసింది. "సీటు కోసం పంపిస్తే అన్నయ్యా, వచ్చిన పరుగు కూడా మర్చిపోయేలా ఉంది."

"లీడర్‌షిప్ నేర్చుకుంటోంది కదే. టీషర్టు కూడా ఊరికే ఇచ్చారు."

"దాని వీపు మీద ఆయన మొహముంది. దండెం మీద ఆరేస్తే వచ్చేపోయేవాళ్ళంతా ఆయన మా ఇంట్లో అద్దెకుంటున్నాడా అని అడుగుతున్నారు."

పందెం రోజు రానే వచ్చింది. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు. స్పోర్ట్స్ స్కూలు కోచ్ మేడమ్ మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని గీత దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చెల్లెలు ఆవిణ్ణి చూడటం, పిల్లని చూడటం, కొంగు నలపడం. ముఖ్య అతిథిగా మంత్రిగారు వచ్చారు. పందెంలో కూడా నాయకుడే ముందు పరిగెత్తుతాడని ఫౌండర్ గారు వివరించగానే మంత్రిగారు ముచ్చటపడిపోయారు.

"మంచి ఐడియా. నేనూ వస్తా పదండి," అన్నారు.

ఫౌండర్ గారు అంతకుముందు ఎవరి వెనకా పరిగెత్తి ఎరగరు. అయినా ఎంత చక్కగా పరిగెత్తారో. మంత్రిగారి నడకను పరుగు అనడానికి కాస్త పెద్ద మనసు కావాలి, ఆ మనసు అక్కడ అందరికీ ఉంది. ముందు మంత్రిగారు, వెనక ఫౌండర్ గారు, ఆ వెనక గన్‌మెన్, ఆఫీసర్లు, అందరికంటే చివర పందెంలో పరిగెత్తే పిల్లలు. సగం రౌండు దగ్గర మంత్రిగారికి ఫోనొచ్చింది. ఆయన ఆగారు. అందరూ ఆగారు. పిల్లలు ఉన్నచోటే మోకాళ్ళు ఎగరేశారు. డ్రిల్లు మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి.

కోచ్ మేడమ్ స్టాప్‌వాచ్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకున్నారు.

ఫోన్ పెట్టేశాక మంత్రిగారికి ఆయాసం వచ్చింది. కారు తిన్నగా ట్రాక్ మీదికే వచ్చింది. ఆయన ఎక్కారు. కారు కదిలింది, ఫౌండర్ గారు దాని వెనక పరిగెత్తారు. ఆయనలో అంత వేగముందని మాకు ఆరోజే తెలిసింది. కొంత దూరం పోయాక కారు తలుపు తెరుచుకుంది. ఆయన కూడా ఎక్కారు. కారు గేటు దాటింది. ఆఫీసర్లు తమ బళ్ళు వెతుక్కుంటూ పోయారు.

మైదానంలో పిల్లలు ఇంకా మోకాళ్ళు ఎగరేస్తూనే ఉన్నారు.

"మాస్టారూ," అంది మా మేనకోడలు, "ఇప్పుడు ముందు ఎవరూ లేరు కదా?"

డ్రిల్లు మాస్టారు గేటు వైపు చూశారు, దుమ్ము వైపు చూశారు. బాగా ఆలోచించారు. "లేనట్టే ఉందమ్మా," అన్నారు.

అప్పుడు పరిగెత్తింది. అన్నాళ్ళు అణుచుకున్నదంతా కాళ్ళలోంచి ఒక్కసారి బయటికొచ్చినట్టు పరిగెత్తింది. మిగతా పిల్లలూ అందుకున్నారు గానీ దాని వీపు మీద ఫౌండర్ గారు వాళ్ళకి చిన్న చుక్కై, ఆ చుక్క కూడా మలుపు తిరిగి పోయింది. చెల్లెలు కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో తెలియదు. కోచ్ మేడమ్ కూడా లేచి నిలబడ్డారు. నేను చప్పట్లు కొడదామనుకుని, చేతిలో ఫౌండర్ గారి బ్యానరుందని గుర్తొచ్చి, దాన్ని కింద పడేశాను.

"ఆ మోకాళ్ళు అలా ఎత్తడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు మేడమ్.

"మెల్లగా పరిగెత్తడానికి నేర్పారు మేడమ్," అంది అది రొప్పుతూ. "ముందు ఎవరూ లేకపోతే ఇంత తేలిగ్గా ఉంటుందని తెలీదు."

సీటొచ్చింది. మర్నాడు పేపర్లో 'ఆణిముత్యాన్ని తీర్చిదిద్దిన యువనేత' అని పెద్దక్షరాలతో వేశారు. ఫోటోలో ఫౌండర్ గారు, మంత్రిగారు కారు కిటికీలోంచి చేతులూపుతున్నారు. ఆ నెలలోనే ఆయనకు పార్టీ యువజన విభాగంలో పదవి వచ్చింది.

పిల్ల స్కూలుకి బయల్దేరే ముందు ముగ్గురం ఆయనింటికెళ్ళి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. వాళ్ళమ్మగారు పిల్ల బుగ్గలు నిమిరి కాఫీలు తెచ్చారు. ఫౌండర్ గారు మంచి ఉత్సాహంగా ఉన్నారు. పేట పిల్లలందరికీ ఈత నేర్పించబోతున్నారట. ప్రారంభోత్సవం రోజు చెరువులో అందరికంటే ముందు తానే దూకుతానని మంత్రిగారికి మాటిచ్చారట.

వాళ్ళమ్మగారు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నీకు ఈత రాదు కదరా నాన్నా?"

"మంత్రిగారికీ రాదమ్మా," అన్నారు ఫౌండర్ గారు.