రేసు కారు తాగిన నీళ్లు

"ఒక జాతి ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే, ముందుగా దాని రేడియేటర్‌ను చూడాలి!"

ఈ మహావాక్యాన్ని మా కరస్పాండెంట్ గారు సెమినార్ హాల్లో సెలవిచ్చినప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది నేనే. అది నా ఉద్యోగ ధర్మం. కరస్పాండెంట్ గారి పేరు ఇక్కడ రాయడం లేదు. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య హైవే పక్కనున్న మా ఇంజినీరింగ్ కాలేజీ గేటు మీద, పద్నాలుగు బస్సుల మీద, లైబ్రరీ కుర్చీల వెనక, చివరికి చెత్తడబ్బాల మీద కూడా ఆ పేరే ఉంది. మళ్లీ ఇక్కడ కూడా ఎందుకు? నా పేరు రాజ్‌కుమార్. మెకానికల్ శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. అప్పటికి పదకొండు కమిటీలకు కన్వీనర్‌ను. ఆ రోజుతో పన్నెండు. పన్నెండోది రేసు కారు రేడియేటర్ ఎంపిక కమిటీ!

ఫైనలియర్ విద్యార్థిని గ్రేస్, మరో ఆరుగురు పిల్లలు కలిసి మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కారు తయారుచేశారు. చెన్నై దగ్గరి ట్రాక్ మీద కాలేజీల మధ్య పోటీ. అందులో అడుగు పెట్టాలంటే కారు ముప్పై నిమిషాలు ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు మరగకుండా తిరగాలి. ఆ వీడియో, కరస్పాండెంట్ సంతకంతో ఎంట్రీ ఫారం ఇరవై ఎనిమిదో తేదీకల్లా చేరాలి. అంతకుముందు రెండేళ్లూ సీనియర్ల కార్లు వర్క్‌షాపు మూలకే పరిమితమయ్యాయి. గ్రేస్‌కు ఇదే ఆఖరి ఏడాది. వాళ్ల నాన్న చిరంజీవి మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలే లారీ డ్రైవర్.

"కార్ల కంపెనీలోళ్లు ట్రాక్ కాడికే వచ్చి ఇంటర్వ్యూలు చేస్తరంట సార్. మన కాలేజీకి ఎవ్వలు రారు కద. కారు ఆడిదాక పోతే నేను గూడ పోయినట్టే," అని ఆ అమ్మాయి నాతో చాలాసార్లు అన్నది. నేను ప్రతిసారీ తల ఊపాను. తల ఊపడంలో నాకు ఆరేళ్ల అనుభవం ఉంది.

మొదటి సమావేశం మూడు గంటలు సాగింది. హాల్లో ఏసీ పద్దెనిమిది మీద ఉంది. చలికి చేతులు రుద్దుకుంటూ కూలింగ్ గురించి తీవ్రంగా చర్చించాం. ఎంత పెద్దదైతే అంత మంచిదని ప్రిన్సిపాల్ గారు. కారు నెత్తిన ఓ ట్యాంకు కడితే సరిపోతుందని సివిల్ శాఖాధిపతి. గ్రేస్ లేచి నిలబడింది.

"పెద్దది పెడితే బరువు సార్. చిన్న కారుకుండే అల్యూమినియం రేడియేటర్ సాలు. ముందలకెల్లి వచ్చే గాలి పక్కలకు తప్పించుకోకుండ రేకుతోని సుట్టూ కట్టాలె. ఎనక ఒక ఫ్యాన్. పొంగిన నీళ్లు కింద పడకుండ ఒక డబ్బా."

"పొంగుడేంది తల్లీ, శుభమా అని మొదలుపెడుతుంటే!" అన్నారు కరస్పాండెంట్ గారు.

బయటి నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని నిబంధన. సూర్యాపేటలో ముప్పై ఐదేళ్లుగా లారీ రేడియేటర్లు బాగుచేసే ఐలన్నను పిలిపించాం. ఆయన గ్రేస్ బొమ్మ గీసిన కాగితం చూసి, కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, "గాలి ఎటుకెల్లి వస్తది, ఎటుకెల్లి పోతది, గది ముఖ్యం. బిడ్డ చెప్పిందే రైటు," అన్నాడు. తర్వాత, "దాంట్ల ఏం పోస్తరు?" అని అడిగాడు.

"కూలెంట్ పోయొద్దంట. ట్రాక్ మీద కారితే వేరే బండ్లు జారుతయని రూల్. ఉత్త నీళ్లే పోయాలె," అంది గ్రేస్.

కరస్పాండెంట్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నీళ్లా! మన దగ్గర లేని నీళ్లా!"

మా కాలేజీకి సొంత మినరల్ వాటర్ ప్లాంట్ ఉంది. దాని గోడ మీద 'ఏడు దశల్లో శుద్ధి' అని బోర్డు, దశకొకటి చొప్పున కరస్పాండెంట్ గారివి ఏడు ఫోటోలు. రెండు హాస్టళ్ల పిల్లలూ తాగేది ఆ నీళ్లే. అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. గ్రేస్ చెప్పిన రేడియేటర్ మంజూరు! కానీ అందులో పోసేది మాత్రం కాలేజీ మినరల్ వాటరే! రోజూ పాత నీళ్లు తీసేసి కొత్తవి పోయాలి, పోసేటప్పుడు ఫోటో తీయాలి. కారు ముక్కు మీద 'మన నీళ్లతోనే మన వేగం' అని స్టిక్కర్ వేయాలి.

"ఏ నీళ్లో జర సూస్కోండ్రి సార్..." అని ఐలన్న ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఆయన మీద శాలువా పడింది. ఫోటో కోసం నవ్వమన్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నా పదకొండు కమిటీల్లో ఒకటి నీటి నాణ్యతా కమిటీ. ఆరేళ్లుగా ప్రతి నెలా ఒకటో తేదీన 'పరీక్షించితిని. త్రాగుటకు యోగ్యము' అని రాసి సంతకం పెడుతున్నాను. పరీక్షించడం ఒక్కటే మిగిలిపోయింది. నేనైతే ఇంటి నుంచి స్టీలు సీసాలో నీళ్లు తెచ్చుకుంటాను. గొంతు సున్నితమని చెబుతాను. మా స్టాఫ్ రూములో ఇరవై రెండు సీసాలున్నాయి, అందరి గొంతులూ సున్నితమే! కరస్పాండెంట్ గారి బల్ల మీద మాత్రం కోదాడ నుంచి తెప్పించిన సీలు సీసాలు ఉంటాయి.

మొదటి రోజు పరీక్ష గ్రౌండ్‌లో పెట్టాం. దామరచర్ల దగ్గరి తండా నుంచి వచ్చిన, గ్రేస్ జట్టులోని సాగర్ కారు నడిపాడు. ముప్పై నిమిషాలూ తిరిగింది! వేడి చూపే ముల్లు ఎర్ర గీత జోలికే పోలేదు. గ్రేస్ ఆనందంతో చెప్పులు విసిరేసింది. నేను వీడియో పట్టుకుని కరస్పాండెంట్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"నేను లేకుండ పరీక్షేంది రాజ్‌కుమార్? జెండా ఎవరు ఊపిండ్రు?"

"ఎవరూ ఊపలేదు సార్."

"మరి అది పరీక్షెట్లయితది!"

నిజమే. ఆయనకు తీరిక దొరికేదాకా రోజూ రిహార్సల్ చేయమన్నారు. అటెండర్ నాగమణి రోజూ రెండు బిందెల మినరల్ వాటర్ తెచ్చేది, నేను ఫోటో తీసేవాణ్ని, సాగర్ తిప్పేవాడు. తొమ్మిది రోజుల తర్వాత కరస్పాండెంట్ గారు తెల్లబట్టల్లో, ఇద్దరు విలేకరులతో వచ్చి జెండా ఊపారు. పన్నెండో నిమిషంలో కారు ముక్కులోంచి ఆవిరి లేచింది. విలేకరులు సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు.

అత్యవసర సమావేశం! తప్పు రేడియేటర్‌దేనని ఏకగ్రీవంగా తేల్చాం.

"సిన్నది, సిన్నది అని నేను మొదటినుంచి మొత్తుకుంటనే ఉన్న," అన్నారు కరస్పాండెంట్ గారు. మిర్యాలగూడలోని తమ రైసు మిల్లు జనరేటర్‌కని తెప్పించిన కొత్త ఇత్తడి రేడియేటర్‌ను పంపించారు. దాన్ని దించడానికి నలుగురు కావలసి వచ్చింది. బిగించాక కారు బీరువా మోస్తున్న గుమస్తాలా తయారైంది. అయినా మొదటి రోజు ఇరవై ఆరు నిమిషాలు తిరిగింది. తర్వాత ఇరవై ఒకటి. తర్వాత పదిహేను.

కారు ఏ రోజు ఎన్ని నిమిషాలు తిరిగిందో రాసుకున్న నోట్‌బుక్కును గ్రేస్ తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సూడండి సార్. సిన్నదీ గిట్లనే దిగింది, పెద్దదీ గిట్లనే దిగుతుంది. రోజు రోజుకు ఏదో పూడుకపోతుంది లోపట. ఇంక నాలుగు రోజులే ఉన్నయ్. ఐలన్న కాడికి పోదాం పాండి."

రెండు రేడియేటర్లూ ట్రాలీ ఆటోలో వేసుకుని సూర్యాపేట వెళ్లాం. ఐలన్న మొదట చిన్నదాని పక్క మూత ఊడదీసి, గొట్టాల్లో సన్నటి కమ్మీ తోశాడు. తెల్లటి పెంకులు జలజలా రాలాయి. పెద్దదీ అంతే. గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. సున్నంలా ఉన్నాయి.

"ఏ బోరు నీళ్లు పోసిండ్రు సార్ గివి?"

"బోరు కాదు. మినరల్ వాటర్," అన్నాను.

ఐలన్న నవ్వాపుకోలేకపోయాడు. "మా దిక్కు బోరు నీళ్లు లారీల పోస్తే గిట్లనే అయితది. మినరల్ వాటర్‌తోని అయింది మాత్రం ఇదే మొదలు. ముప్పై ఐదేండ్లల్ల సూడలే."

గ్రేస్ ఆ పెంకుల వంకే చూస్తోంది. "హాస్టల్ల మేం తాగేది గివే కద సార్," అంది మెల్లగా.

నా సీసాలో నీళ్లు ఒక గుక్క తాగి, "ముందు కారు సంగతి చూద్దామమ్మా," అన్నాను. ఆ మాట ఇప్పుడు తలచుకున్నా నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

రేడియేటర్‌నూ ఇంజిన్‌నూ నిమ్మ ఉప్పు నీళ్లతో కడగమన్నాడు ఐలన్న. ఆ తర్వాత వాన నీళ్లో, బ్యాటరీల్లో పోసే నీళ్లో, ఏసీలోంచి కారే నీళ్లో పోయమన్నాడు. "చిన్నదే పెట్టుండ్రి. అది మంచిదే, పాపం," అని కూడా అన్నాడు.

తిరిగొచ్చి నాగమణిని అడిగాను, ప్లాంటు సంగతేమిటని.

"మిషిన్ బందయి నాలుగు బతుకమ్మలయింది సార్. బోరు పైపు సీదా నల్లాకే ఇచ్చిండ్రు. మీరు నెలనెలా రాస్తరు కద, మీకు ఎర్కేననుకున్న!"

కరస్పాండెంట్ గారి గదికి నేనూ గ్రేసూ కలిసి వెళ్లాం. ఆయన పెంకుల పొట్లం చూశారు. తర్వాత సీలు సీసా మూత తిప్పి కొంచెం తాగారు.

"యంత్రం సున్నితమైంది రాజ్‌కుమార్. దానికి పడకపోవచ్చు. మనుషులకు అలవాటైతది." తర్వాత గ్రేస్ వైపు తిరిగి, "చూడు తల్లీ, ఎంట్రీ ఫారం నా బల్ల మీదనే ఉన్నది. నీకు కారు కావాల్నా, నీళ్ల పంచాయితీ కావాల్నా?" అన్నారు.

గ్రేస్ నన్ను చూసింది. నేను గోడ మీది గడియారాన్ని చూశాను.

"కారే సార్," అంది ఆ అమ్మాయి చివరికి.

బ్యాటరీ నీళ్లు కొనాలంటే మూడు కొటేషన్లు, పదిహేను రోజులు. కాబట్టి ఆయన గది ఏసీ గొట్టం కింద నాగమణి బకెట్ పెట్టింది. కాలేజీలో అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచే ఏసీ అదే. రెండు రోజుల్లో సరిపడా నీళ్లు వచ్చాయి. ఆలోగా పిల్లలు ఇంజిన్‌నూ చిన్న రేడియేటర్‌నూ నిమ్మ ఉప్పుతో కడిగి, చిన్నదాన్నే మళ్లీ బిగించారు.

ఇరవై ఏడో తేదీ పొద్దున జెండా ఊపారు. పన్నెండో నిమిషం దాటింది. ఇరవై దాటింది. గ్రేస్ కంచె పట్టుకుని పెదవులు కదిలిస్తూ నిలబడింది. ముప్పై! ఇంకో మూడు నిమిషాలు కూడా తిప్పి ఆపాడు సాగర్. ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. కరస్పాండెంట్ గారు మైకు అందుకుని, "ఏడు దశల శుద్ధి శక్తి ఏమిటో ఈరోజు ప్రపంచం చూసింది!" అన్నారు. చప్పట్లు మొదలుపెట్టడం ఆ రోజు నాకు కొంచెం ఆలస్యమైంది. అక్కడే, ఆ ఊపులోనే, ఫారం మీద సంతకం పెట్టేశారు.

గ్రేస్ వీడియో, ఫారం రెండూ పంపించేసింది. అందినట్టు జవాబు వచ్చాక, ఎంతో వినయంగా కరస్పాండెంట్ గారి గది తలుపు తట్టింది. వెనక నేను.

"సార్, ట్రాక్‌కు పోయేదాక ఇంక ఇరవై రోజులు ప్రాక్టీస్ ఉన్నది. ఎవలన్న తెల్వక ప్లాంట్ నీళ్లు పోసిన్రనుకోండి, మళ్ల ఖరాబైతది. మీరు ఒక సర్క్యులర్ ఇస్తే ఎవ్వలు దాటరు."

తన మాట ఎవ్వరూ దాటరన్న ముక్క ఆయనకు నచ్చింది. "రాస్కో రాజ్‌కుమార్," అన్నారు. ఆయన చెబుతూ పోయారు, నేను టైపు చేశాను. కింద ఆయన సంతకం, కాలేజీ ముద్ర, కన్వీనర్ హోదాలో నా సంతకం.

"ఏడ అతికియ్యాలె సార్?" అంది గ్రేస్.

"నీళ్లు ఏడ పట్టుకుంటరో ఆడనే అతికియ్యి. అందరికి కనపడాలె!" అని ఆయన విసుగ్గా చెయ్యి ఊపారు.

కాగితం అతికించింది నేనే. మధ్యాహ్నం భోజనాల వేళ, హాస్టల్ నల్లాల పైన, సరిగ్గా కళ్లకు ఎదురుగా. జిగురు రాస్తుండగా మాత్రమే ఆ అమ్మాయి ఏం చేసిందో నాకు అర్థమైంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాలుగు మూలలూ గట్టిగా అదిమాను. ఆరేళ్లలో నిజం తెలిసి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

వెనకాల గ్లాసులు, సీసాలు పట్టుకుని పిల్లలు బారు తీరారు. ముందున్న ఫస్టియర్ అమ్మాయి సునీత, సగం నిండిన గ్లాసు పట్టుకుని పైకే చదివింది.

"ఇందుమూలముగా తెలియజేయునది. ఈ నల్లా నీటిని రేసు కారులో పోయరాదు. ఇంజిన్‌కు హానికరము. అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

నల్లా కారుతూనే ఉంది. ఎవరూ కట్టేయలేదు. సునీత గ్లాసు గట్టు మీద పెట్టి నా వైపు తిరిగింది.

"సార్, ఇంజిన్‌కేనా?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా ముఖం చూడడం లేదు. నా భుజానికి వేలాడుతున్న స్టీలు సీసాను చూస్తోంది.