మా పుస్తకాల అలమారలో సజ్జనులు

ఏదో ఒకటి పులియని ఇల్లు అసలు ఇల్లే కాదని ఈ మధ్యనే గ్రహించాను. డెబ్బయి రెండేళ్లు అజ్ఞానంలో గడిపినందుకు సిగ్గుపడుతున్నాను!

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఫెర్మెంటేషన్ కోర్సు పూర్తిచేసి, వాళ్లమ్మకు ఒక గాజు సీసా కానుకగా ఇచ్చి వెళ్లింది. అందులో క్యాబేజీ తరుగు, ఉప్పునీళ్లు. "దీంట్లో కోట్లకొద్దీ మంచి బ్యాక్టీరియా పుడుతుంది నాన్నా. మీ పొట్టకి ప్రోబయోటిక్స్ చాలా అవసరం" అని ఉపదేశించింది.

కోట్లకొద్దీ సజ్జనులు! జీవితమంతా సజ్జన సాంగత్యం కోసం తపించానే, వారంతా క్యాబేజీలో కాపురముంటున్నారని ఏ గురువైనా చెప్పాడా?

పైగా వీరి త్యాగం అసామాన్యం. ఉదయమంతా మా ఆవిడ వారిని కన్నబిడ్డల్లా సాకుతుంది. మధ్యాహ్నం మేమిద్దరం చెంచాతో భోంచేస్తాం. వారిలో ఒక్కరైనా నోరు మెదిపారా?

నెల తిరిగేసరికి ఒక సీసా పదకొండయింది. సజ్జనులకు చీకటి, నిలకడైన చల్లదనం కావాలట. మా ఇంట్లో ఆ రెండూ ఉన్న చోటు నా పుస్తకాల అలమార ఒక్కటే. కనుక కావ్యాలు మంచం కిందికి వెళ్లాయి. ఎంతటి సంస్కరణ! ఒకప్పుడు కూర్చున్నచోటి నుంచే చేయి చాచి లాగేవాణ్ణి. ఇప్పుడు సాష్టాంగపడితే తప్ప ఏ కవీ చేతికందడు. సాహిత్యం పట్ల ఇంత వినయం నాకు మునుపెన్నడైనా ఉండేదా?

ఇక సాయంకాలం సంగతి. పెళ్లయిన నాటి నుంచీ ఏడు గంటలకు నేను పద్యాలు చదివి అర్థం చెప్పడం, మా ఆవిడ ఎదురుగా కూర్చుని వినడం మా ఇంటి నియమం. సరిగ్గా ఆ ఏడు గంటలకే సీసాల మూతలు వదులుచేసి గ్యాస్ బయటికి పంపాలట! లేకపోతే సీసాలు పగులుతాయట. పద్యం ఒకరోజు ఆగినా పగలదు కదా!

"కాస్త మెల్లగా చదువుకోండి, బుడగల చప్పుడు వినపడట్లేదు" అంది మొన్న. తగ్గించాను. బుడగల ధార ముందు నా ధార ఎంత?

అయినా మానవమాత్రుణ్ణి. పొట్ట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. నొప్పి కొంత నిజం, కొంత అలంకారం. ఆ సీసాలు మానెయ్యమంటాడని చిన్న ఆశ. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"అదృష్టవంతులండీ! మా ఇంట్లో ఎన్నిసార్లు పెట్టినా బూజు పట్టేస్తోంది. మీ ఆవిడగారు ఉప్పెంత వేస్తారో కాస్త కనుక్కుని చెబుతారా?"

చీటీ మీద మందు రాయలేదు. తన ఫోన్ నంబరు రాసిచ్చాడు.

నిన్న ఇక ఉండబట్టలేక మా ఆవిడనే అడిగేశాను. "ఆ పుల్లనీళ్లలో ఏముందని రోజూ అంతసేపు చూస్తావు?"

ఆమె వెనక్కి తిరగనైనా లేదు. "రోజుకో రంగండీ, రోజుకో వాసన. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. మీరేమో ఆ విరహం పద్యానికి నలభై ఏళ్లుగా అదే అర్థం, అదే దగ్గు, అదే చోట కళ్లు తుడుచుకోవడం. మధ్యలో నేను నిద్రపోయినా మీకు తెలిసేది కాదు!"

పాఠకులారా! ఫెర్మెంటేషన్ జీర్ణశక్తిని పెంచుతుందని ఘంటాపథంగా చెబుతున్నాను. సాక్ష్యం నేనే. ఆ మాటను ఒక్క రాత్రిలో అరిగించుకున్నాను!

అంటే, చాలావరకు. తెల్లవారినప్పటి నుంచీ ఆ పద్యానికి ఇంకో అర్థం కోసం వెతుకుతూనే ఉన్నాను. ఇప్పుడే ఒకటి తట్టింది. కొత్తదే. బాగానే ఉంది. ఏడు కావస్తోంది, ఆమె మూతల దగ్గరికి వెళ్లింది.

మీలో ఎవరికైనా తీరిక ఉంటే ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చుంటారా? కడుపునిండా క్యాబేజీ పెడతాం. కునుకు పడితే మొహమాటపడకండి. ఈసారి గమనిస్తాను.